రెండు రూపాలా, పన్నెండు గడులా?

మన బడుల్లో ఇంగ్లీషు వ్యాకరణం అనగానే మొదట గుర్తొచ్చేది టెన్సుల పట్టిక. నిలువునా మూడు కాలాలు, అడ్డంగా నాలుగు వరుసలు, మొత్తం పన్నెండు గడులు. సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్ అంటూ తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వాళ్లలో చాలామంది డిగ్రీ చేతికొచ్చాక కూడా 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అనీ, 'ఐ డిడ్ నాట్ వెంట్' అనీ, 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019' అనీ రాస్తున్నారు. పట్టిక నోటికి వచ్చినా వాక్యం చేతికి రాకపోవడానికి కారణం ఏమిటి? పిల్లలు సరిగా చదవకపోవడమా, పట్టికే దారి తప్పించడమా? ఈ ప్రశ్న మీద పదో తరగతికి ఇంగ్లీషు చెప్పే ఒక మాస్టారినీ, కళాశాలలో భాషాశాస్త్రం చెప్పే ఒక లెక్చరరునూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నాను. నా మొగ్గు లెక్చరరు వైపే. అయితే మాస్టారి ఆక్షేపణలు గట్టివి. వాటికి జవాబు దొరికితేనే ఆ మొగ్గుకు విలువ.

మాస్టారు: అమ్మా, పట్టికను తీసిపారేయడం ఈమధ్య చాలామందికి అలవాటైంది. తరగతి గదిలోకి వచ్చి చూడండి. గది నిండా పిల్లలు, చేతిలో ఉన్నది ముప్పావుగంట పీరియడు. ఇంటికెళితే ఇంగ్లీషు ముక్క వినపడదు. అలాంటి పిల్లలకు భాష దానంతటది అబ్బదు, ఏదో ఒక చట్రం కావాలి. జరిగింది, జరుగుతున్నది, జరగబోయేది అన్న మూడూ ఏ పిల్లవాడికైనా తెలుసు. తెలుగు వ్యాకరణంలోనూ భూత, వర్తమాన, భవిష్యత్తులని చదువుకునే వస్తాడు. తెలిసినదాని మీద తెలియనిదాన్ని నిలబెట్టడమే కదా బోధన! రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం 1930లలో వచ్చింది మొదలు మన దేశంలో ఎన్నో తరాలు ఈ దారినే నడిచాయి. అలా చదువుకున్నవాళ్లే కోర్టుల్లో, ఆఫీసుల్లో, పత్రికల్లో మెచ్చదగిన ఇంగ్లీషు రాశారు. ఇప్పుడు ఇంగ్లీషుకు ఉన్నవి రెండే టెన్సులని మీరంటే, పిల్లవాడికున్న ఒక్క ఆధారాన్నీ తీసేసినట్టే కదా!

లెక్చరరు: రెండే అన్న మాట నేను కొత్తగా పుట్టించింది కాదు మాస్టారూ. ఇంగ్లీషు క్రియను విప్పి చూడండి. 'వర్క్, వర్క్డ్', 'గో, వెంట్', 'టేక్, టుక్'. కాలాన్ని బట్టి క్రియ తనంతట తాను మారేది ఈ ఒక్క మలుపు దగ్గరే. 'గోయింగ్', 'గాన్' అన్నవాటికి సొంతంగా కాలం లేదు. పట్టికలో మిగిలిన గడులన్నీ 'బి', 'హావ్', 'విల్' అనే సహాయక క్రియలను ముందు చేర్చి కట్టినవి. అలా కట్టినప్పుడు కూడా మారేది మొదటి మాట ఒక్కటే: 'ఈజ్ గోయింగ్, వాజ్ గోయింగ్', 'హాజ్ గాన్, హాడ్ గాన్', 'విల్ గో, వుడ్ గో'. ఎంత పొడుగాటి క్రియాబంధమైనా కాలం విషయంలో అడగాల్సింది ఒకటే, మొదటి మాట ప్రెజెంట్ రూపంలో ఉందా, పాస్ట్ రూపంలో ఉందా అని. గణితవేత్త జాన్ వాలిస్ 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలోనే ఈ భాషకు రెండే టెన్సులని చెప్పాడు. ఆక్సిజన్ మీద చేసిన పనితో పేరు పొందిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1761లో వ్యాకరణం రాస్తూ, లాటిన్ లెక్కలను ఇంగ్లీషు మీద రుద్దవద్దని, దీనికి భవిష్యత్ టెన్సు లేదని వాదించాడు. అయినా 1795లో వచ్చిన లిండ్లే మర్రే వ్యాకరణం లాటిన్ పద్ధతిలోనే ఆరు టెన్సులు చూపింది. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ బడులను ఏలింది ఆ పుస్తకమే. మన పట్టిక ఆ సంప్రదాయానికి వారసురాలు. ఆ తర్వాత ఓటో యెస్పర్సన్ కాలం వేరు, టెన్సు వేరు అని విడదీసి చూపాడు. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి రాసిన సమగ్ర వ్యాకరణమూ, 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్‌ల కేంబ్రిడ్జ్ వ్యాకరణమూ 'విల్'ను టెన్సుగా ఒప్పుకోలేదు.

మాస్టారు: ఆ పెద్దలందరికీ దండం పెడతాను. అయితే రూపాల లెక్క పండితుల పని, పిల్లవాడికి కావలసింది అర్థం. రేపు అన్నది లోకంలో ఉంది కదా. ఉన్నప్పుడు దాన్ని చెప్పే ఏర్పాటూ భాషలో ఉండాలి. 'విల్' పెడితే రేపటి సంగతి అవుతుందని ఒక్క మాటలో చెబితే పిల్లవాడికి పని జరిగిపోతుంది. దానికి టెన్సు అని పేరు పెడితే వచ్చిన నష్టం ఏమిటి?

లెక్చరరు: రేపటిని చెప్పే ఏర్పాటు ఇంగ్లీషులో ఒకటి కాదు, చాలా ఉన్నాయి. 'ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో' అంటే టైమ్‌టేబుల్లో రాసి ఉన్నది. 'ఐ యామ్ మీటింగ్ హర్ టుమారో' అంటే ముందే కుదుర్చుకున్నది. 'ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్' అంటే మబ్బు చూసి అన్నది. 'ఇట్ విల్ రెయిన్' అంటే అంచనా. నాలుగూ ముందు జరగబోయేవే, నాలుగింటిలోనూ మొదటి క్రియ ప్రెజెంట్ రూపమే. మాట్లాడేవాడికి ఆ సంగతి మీద ఉన్న నమ్మకం ఎలాంటిదన్నదే తేడా. 'విల్' ఒక్కదానికే భవిష్యత్తు అని పేరు పెట్టడం వల్ల నష్టం లేకపోలేదు. 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో' అనే తప్పు అక్కడే పుడుతోంది. తలుపు చప్పుడు విని 'దట్ విల్ బి ద పోస్ట్‌మ్యాన్' అంటే, ఈ క్షణం గుమ్మంలో ఉన్నవాడి గురించి 'విల్' ఎందుకొచ్చిందో పిల్లవాడికి అంతుపట్టదు. మనం 'ఈపాటికి ఇల్లు చేరుంటాడు' అంటాం. ఆ 'ఉంటాడు' రేపటిది కాదు, మన ఊహ. ఆ మాటకొస్తే తెలుగు క్రియ కూడా మూడు కాలాలకు మూడు రూపాలు పెట్టుకోలేదు. 'రేపు వస్తాడు', 'రోజూ వస్తాడు' రెండింటికీ ఒకటే రూపం. వ్యతిరేకంలో 'రాడు' కూడా అంతే. రేపటికీ అదే, అలవాటుకూ అదే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్తులతో ఆగకుండా తద్ధర్మం అనే నాలుగోదాన్ని చెప్పింది, ఏ ఒక్క కాలానికీ కట్టుబడని మాటలు భాషలో ఉన్నాయి కనుకనే. 1985లో వచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ ఇద్దరూ 'వస్తాడు' వంటి రూపాన్ని భవిష్యత్తుకూ అలవాటుకూ ఉమ్మడి రూపంగానే వర్ణించారు. పిల్లవాడు మూడు కాలాలను పాఠంలో చదువుకున్నాడేమో గాని, నోటితో పలికే తెలుగులో క్రియను ఆ లెక్కన వాడడం లేదు.

మాస్టారు: సరే, భవిష్యత్తును పక్కన పెడదాం. పాస్ట్ టెన్సు మాటేమిటి? జరిగిపోయినదాన్ని చెప్పేది పాస్ట్ టెన్సు. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు? దీన్ని కూడా కాదంటారా?

లెక్చరరు: కాదనను, చాలదంటాను. 'ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్' అన్నప్పుడు 'హాడ్' నిన్నటి డబ్బును చెప్పడం లేదు, ఇప్పుడు జేబులో లేని డబ్బును చెబుతోంది. 'ఐ విష్ ఐ న్యూ ద ఆన్సర్' అన్నవాడికి ఇప్పుడే తెలియదు. 'ఇట్ ఈజ్ టైమ్ వి వెంట్ హోమ్' అన్నవాళ్లు ఇంకా కదలలేదు. 'ఐ వాంటెడ్ టు ఆస్క్ యూ సమ్‌థింగ్' అన్నవాడు ఎదురుగా నిలబడి అడుగుతున్నాడు. జరిగిపోయినది అన్న నిర్వచనంలో ఈ నాలుగూ ఇమడవు. అందుకే మన పుస్తకాలు వీటిని వేర్వేరు అధ్యాయాల్లో వేర్వేరు మినహాయింపులుగా చెబుతాయి. వీటన్నిటికీ సరిపోయే సూత్రం ఒకటుంది. మాట్లాడేవాడు నిలుచున్న ఒడ్డు ప్రెజెంట్, ఏటికి అవతలి ఒడ్డు పాస్ట్. అవతలి ఒడ్డున మూడు రకాల సంగతులుంటాయి: గడిచిపోయినవి, నిజం కానివి, మర్యాద కోసం కాస్త దూరంగా పెట్టినవి. మూడింటికీ ఉమ్మడి గుణం దూరం. పాస్ట్ రూపం చెప్పేది ఆ దూరాన్ని. తెలుగువాడికి ఇది పుట్టుకతో తెలిసిన సంగతే. 'చిన్నప్పుడు రోజూ చెరువులో ఈదేవాణ్ణి', 'డబ్బుంటే ఆ ఇల్లు కొనేవాణ్ణి' అన్న వాక్యాలు చూడండి. మొదటిది గడిచిన అలవాటు, రెండోది జరగనే జరగనిది, క్రియారూపం మాత్రం ఒకటే. ఇంగ్లీషులో 'వుడ్' సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. ఇక 'మిమ్మల్నొక మాట అడుగుదామనుకున్నానండి' అన్నప్పుడు అనుకోవడం ఇంకా అయిపోలేదు, అడగడం ఇప్పుడే మొదలవుతోంది, అయినా భూత రూపం వాడి వినయం చూపుతున్నాం. ఒకటి ద్రావిడ భాష, ఇంకొకటి జర్మానిక్ భాష. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే పని చేస్తున్నాయంటే దాన్ని మినహాయింపు అని పక్కకు నెట్టడం న్యాయం కాదు.

మాస్టారు: వినడానికి బాగుంది. అయినా రెండు అభ్యంతరాలున్నాయి. పిల్లవాడు చదివే కథలో గాని, చరిత్ర పాఠంలో గాని పాస్ట్ రూపాలు దాదాపు అన్నీ గడిచినవాటి గురించే ఉంటాయి. ఎప్పుడో ఒకసారి కనిపించేవాటి కోసం నిర్వచనాన్నే మార్చేయడం సబబా? రెండోది, దూరం అన్నది మనసులో ఉండేది. పరీక్షహాలులో కూర్చున్నవాడు దాన్ని ఎలా కొలుస్తాడు? 'యెస్టర్‌డే' ఉంటే పాస్ట్, 'అగో' ఉంటే పాస్ట్, 'లాస్ట్ ఇయర్' ఉంటే పాస్ట్ అని నేను చెప్పే గుర్తులు పిల్లవాడికి వెంటనే పనికొస్తాయి.

లెక్చరరు: మీ మొదటి మాటలో న్యాయముంది. పాఠం గడిచినవాటితోనే మొదలు కావాలి, దూరానికి తొలి ఉదాహరణ గడిచిన కాలమే. మీరు చెప్పే గుర్తులనూ వదలక్కర్లేదు. అవి ఎందుకు పనిచేస్తున్నాయో చెబితే ఇంకా బాగా పనిచేస్తాయి. ప్రెజెంట్ పర్ఫెక్ట్ సంగతే తీసుకోండి. ఇప్పుడే పూర్తయిన పనిని చెప్పేదని మన గైడ్లు నిర్వచిస్తాయి. ముప్పై ఏళ్ల కింద చదివిన పుస్తకాన్ని తలచుకుని 'ఐ హావ్ రెడ్ దట్ బుక్' అనవచ్చు. నిమిషం కింద చూసిన మనిషి గురించి మాత్రం 'ఐ సా హిమ్ ఎ మినిట్ అగో' అనాల్సిందే. ఎంతసేపయిందన్నది కొలబద్ద కాదని దీనితోనే తేలిపోతోంది. 'హావ్' ప్రెజెంట్ రూపం, ఈ ఒడ్డుది. పని ఎప్పుడో అయిపోయినా, దాన్ని ఇవాళ్టి ఖాతాలో లెక్కవేసి చెప్పేవాడు 'హావ్' వాడతాడు. 'యెస్టర్‌డే' అనగానే పని అవతలి ఒడ్డుకు చేరిపోయింది, అందుకే రెండూ ఒక వాక్యంలో ఇమడవు. ఉదయం పదింటికి 'ఐ హావ్ సీన్ హిమ్ దిస్ మార్నింగ్' అన్నవాడు, అదే సంగతిని సాయంత్రం నాలుగింటికి 'ఐ సా హిమ్ దిస్ మార్నింగ్' అంటాడు. చూసిన సమయం మారలేదు, చెప్పేవాడు నిలుచున్న చోటు మారింది. గురజాడ 1915లో కన్నుమూశారు. 'గురజాడ హాజ్ లివ్డ్ ఇన్ విజయనగరం' అంటే తప్పు, 'లివ్డ్' అనాలి. 'గురజాడ హాజ్ ఇన్‌స్పైర్డ్ మెనీ రైటర్స్' అంటే మాత్రం పూర్తిగా ఒప్పు, ఆ స్ఫూర్తి ఇవాళ్టికీ ఉంది కనుక. పిల్లవాడు 'యెస్టర్‌డే' అనే గుర్తు కోసం వెతికితే ఈ రెండు వాక్యాల్లోనూ ఆ గుర్తు లేదు. అక్కడ ఆదుకునేది సూత్రమే.

మాస్టారు: ఇంత సూక్ష్మం అవసరమా? తెలుగులో 'చూశాను' ఒక్కటే రెండింటికీ సరిపోతోంది. అమెరికావాళ్లు 'ఐ జస్ట్ ఏట్' అంటారు, 'డిడ్ యూ ఈట్ ఆల్రెడీ?' అని అడుగుతారు. అదే చోట బ్రిటిష్‌వాళ్లు 'హావ్' పెడతారు. సొంత బిడ్డలే ఇలా చెరో తీరుగా మాట్లాడుతుంటే, అక్కడున్న మన బంధువుల మాటలూ ఇక్కడి పాఠ్యపుస్తకమూ రెండూ వినే పిల్లవాడు మీ ఒడ్డుల లెక్కను ఎలా నమ్ముతాడు?

లెక్చరరు: తెలుగులో ఒక్క రూపమే ఉండడం వల్లనే ఈ సూక్ష్మం మనకు మరింత అవసరం. అమెరికన్ భోజనం చేయడమనే పనిని చూస్తున్నాడు, బ్రిటిష్ మనిషి కడుపు నిండి ఉండడమనే ఫలితాన్ని చూస్తున్నాడు. ఒకే సంగతిని రెండు చోట్ల నుంచి చూడవచ్చన్నదే నా వాదం కూడా. టెన్సు గడియారాన్ని బట్టి నడిచేదయితే ఈ తేడాకు తావే ఉండేది కాదు. అయితే ఆ ఇద్దరిలో ఎవరూ 'ఐ హావ్ ఈటెన్ యెస్టర్‌డే' అనరు. ఎంచుకునే స్వేచ్ఛ ఉన్న చోట ఇద్దరూ చెరో దారి పట్టారు, హద్దు దగ్గర ఇద్దరూ ఆగారు. ఈ తేడా బతుకుతెరువుకు కూడా సంబంధించినది మాస్టారూ. ఉద్యోగ అనుభవ పత్రంలో 'షి వర్క్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అని రాస్తే ఆమె మానేసిందని, 'షి హాజ్ వర్క్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అంటే ఇంకా కొలువులో ఉందని చదివేవాడు అర్థం చేసుకుంటాడు. రోగిని పెద్దాసుపత్రికి పంపుతూ రాసే చీటీలో 'హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్' అంటే జ్వరం వచ్చి తగ్గింది, 'హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్' అంటే ఇంకా ఉంది. ఒక్క చిన్న మాట తేడాతో వైద్యుడి నిర్ణయం మారవచ్చు.

మాస్టారు: ప్రెజెంట్ టెన్సు సంగతి అయినా పట్టికకు వదిలేస్తారా? అలవాటుకూ నిత్యసత్యానికీ సింపుల్, ఇప్పుడు జరుగుతున్నదానికి కంటిన్యువస్. ఈ ముక్క పిల్లలు బాగానే పట్టుకుంటారు.

లెక్చరరు: పట్టుకుంటారు, మరీ గట్టిగా పట్టుకుంటారు. అందుకే 'ఐ యామ్ అగ్రీయింగ్ విత్ యూ' అంటారు. క్రికెట్ వ్యాఖ్యాత కళ్లముందు జరుగుతున్నదాన్నే 'హి రన్స్ ఇన్, హి బౌల్స్' అని సింపుల్‌లో చెబుతాడు. 'ఐ ప్రామిస్', 'ఐ యాక్సెప్ట్', 'ఐ రిజైన్' అన్నవి అలవాట్లూ కావు, నిత్యసత్యాలూ కావు. ఆ మాట అనడమే ఆ పని చేయడం. ఇలాంటి వాక్యాల తీరును తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ ప్రత్యేకంగా చర్చించాడు, 1962లో వచ్చిన పుస్తకంలో ఆ ఉపన్యాసాలున్నాయి. సింపుల్ ప్రెజెంట్ ఒక సంగతిని మొత్తంగా, ఆద్యంతాలతో సహా ముందు పెడుతుంది. కంటిన్యువస్ దాని మధ్యలోకి తీసుకెళ్లి, ఇంకా ముగియలేదని చూపుతుంది. 'ఐ లివ్ ఇన్ గుంటూరు' అన్నది స్థిరనివాసం, 'ఐ యామ్ లివింగ్ ఇన్ గుంటూరు' అన్నది ప్రస్తుతానికి ఉన్న ఏర్పాటు. తెలుగులో 'అంగీకరిస్తున్నాను', 'రాజీనామా చేస్తున్నాను', '2019 నుంచి పనిచేస్తున్నాను' అన్న మూడింటికీ ఒకే తీరు రూపం సరిపోతుంది. ఇంగ్లీషు మాత్రం మొదటి రెండింటినీ సింపుల్‌లోనూ, మూడోదాన్ని 'హావ్ బీన్ వర్కింగ్' అనీ చెప్పమంటుంది. మన పిల్లల తప్పులు ఈ తేడా దగ్గరే పుడుతున్నాయి. పట్టికలో ఈ తేడాకు ఒక్క గడి కూడా లేదు. కథావస్తువు చెప్పేటప్పుడూ అంతే. 1892లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కం గురించి ఇవాళ ఇంగ్లీషులో వ్యాసం రాసినా 'గిరీశం సేస్' అనే రాస్తాం. నాటకం ప్రదర్శించిన ఏడాది అవతలి ఒడ్డుకు పోయింది, గిరీశం మాత్రం పుస్తకం తెరిచిన ప్రతివాడి ముందూ మాట్లాడుతూనే ఉంటాడు.

మాస్టారు: డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ దగ్గర చూద్దాం. 'సెడ్' ఉంటే లోపలి క్రియను కూడా పాస్ట్‌కు మార్చు, నిత్యసత్యమైతే మార్చకు. ఈ రెండు ముక్కలతో మా పిల్లలు మార్కులు తెచ్చుకుంటున్నారు. దీనికీ మీ సూత్రం కావాలా?

లెక్చరరు: మార్కులు వస్తాయి. చదివినదాంట్లో రాసినవాడి ఉద్దేశం మాత్రం చేజారుతుంది. తెలుగులో మనం 'రేపు వస్తానని చెప్పాడు' అంటాం. 'అని' అన్న ఒక్క మాటతో ఎదుటివాడి వాక్యాన్ని అతని కాలంతో సహా అప్పగించేస్తాం. ఇంగ్లీషులో చెప్పేవాడు తన ఒడ్డున నిలబడి అవతలివాడి మాటను తన చూపుతో తిరిగి చెబుతాడు, అందుకే 'హి సెడ్ హి వుడ్ కమ్'. ఇక మీ నిత్యసత్యం అనే మినహాయింపు. సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడని టాలెమీ నమ్మాడు. ఆ సంగతిని 'టాలెమీ బిలీవ్డ్ దట్ ద సన్ మూవ్డ్ రౌండ్ ద ఎర్త్' అని రాస్తాం. కొపర్నికస్ 1543 నాటి గ్రంథంలో చెప్పినదాన్ని 'కొపర్నికస్ ఆర్గ్యూడ్ దట్ ద ఎర్త్ మూవ్స్ రౌండ్ ద సన్' అని రాస్తాం. టాలెమీకి అది నిత్యసత్యమే. అయినా మనం 'మూవ్డ్' అంటున్నాం, ఆ మాటకు మనం పూచీ పడడం లేదు కనుక. కొపర్నికస్ మాటకు పూచీ పడుతున్నాం కనుక 'మూవ్స్' అంటున్నాం. మినహాయింపుగా చెప్పుకుంటున్నది ఇక్కడ సూత్రానికి నేరుగా లోబడింది. సైన్సు వ్యాసాల్లో తాము చేసిన ప్రయోగాన్ని పాస్ట్‌లో, దాని నుంచి తేలిన సాధారణ నియమాన్ని ప్రెజెంట్‌లో రాయడం వెనకా ఇదే ఉంది. ఇది తెలిసిన విద్యార్థి రచయిత దేన్ని స్థిరమైన నిజంగా చెబుతున్నాడో, దేన్ని ఒక్కసారి కనబడినదిగా మాత్రమే చెబుతున్నాడో క్రియను చూసే కనిపెట్టగలడు.

మాస్టారు: చివరి అభ్యంతరం. రెండు అని మొదలుపెట్టినా, 'హాడ్ బీన్ వర్కింగ్' దాకా అన్ని కట్టుబడులూ నేర్పాల్సిందే కదా? పేరు మార్చినంత మాత్రాన పిల్లవాడి శ్రమ తగ్గుతుందా? పైగా పాఠ్యపుస్తకమూ ప్రశ్నపత్రమూ పట్టికనే అడుగుతున్నాయి.

లెక్చరరు: శ్రమ తగ్గుతుంది, లెక్క చూడండి. పిల్లవాడు తనకు తాను నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ ఒడ్డా, ఆ ఒడ్డా? అంచనా, సంకల్పం వంటివి ఉంటే 'విల్' కావాలా? ముందే అయినదాని లెక్క చెప్పడానికి 'హావ్' కావాలా? మధ్యలో ఉన్నదని చూపడానికి 'బి', 'ఇంగ్' కావాలా? ఒక్కో ప్రశ్నకు రెండేసి జవాబులు, మొత్తం పదహారు కట్టుబడులు. పట్టిక ఇచ్చేవి పన్నెండు. మిగిలిన నాలుగూ 'వుడ్'తో మొదలయ్యేవి, షరతులూ మర్యాదా చెప్పడానికి రోజూ కావలసినవి. వాటికి పట్టికలో చోటే దొరకలేదు. సహాయక క్రియల వరుస కూడా ఎప్పుడూ మారదు, ముందు 'విల్', తర్వాత 'హావ్', తర్వాత 'బి', చివర అసలు క్రియ. 'వుడ్ హావ్ బీన్ వర్కింగ్' అన్న కట్టుబడిని బట్టీ పట్టనక్కర్లేకుండా ఎవరికి వారే కట్టుకోవచ్చు. కాలం గుర్తు మొదటి మాట మీద ఒక్కసారే పడుతుందన్న నియమం కుదిరితే 'డిడ్ నాట్ వెంట్' అనే తప్పు మొదలంటా పోతుంది. 'డిడ్' ఆ గుర్తును అప్పటికే తీసుకుంది, ఇక 'గో'కు అది అక్కర్లేదు. ప్రశ్నపత్రం గడుల పేర్లే అడిగితే ఆ పేర్లు కూడా చెప్పండి, అభ్యంతరం లేదు. పేర్లు చివర రావాలి, చూపు ముందు రావాలి. పాతతరం మంచి ఇంగ్లీషు రాసిందన్నారు. నిజమే. వాళ్లు పట్టికతో ఆగలేదు, పుస్తకాలు విపరీతంగా చదివారు. పేజీల మీద పేజీలు చదవగా ఈ రెండు ఒడ్డుల తేడా వాళ్లకు చెప్పకుండానే అబ్బింది. అంత చదివే వీలు లేని ఇవాళ్టి పిల్లవాడికి దాన్ని మనం నోరు తెరిచి చెప్పాలి.

మాస్టారు: పట్టికను పూర్తిగా వదలమంటే ఒప్పుకోను గాని, దాని చోటు మార్చమంటే ఆలోచిస్తాను. చదివినదంతా ఒకచోట చూసుకోవడానికి ఏడాది చివర అది పనికొస్తుంది. మొదటి పాఠం మీరన్నట్టు రెండు రూపాలతో మొదలుపెట్టి చూడవచ్చు. నా గుర్తులను మాత్రం వదలను.

లెక్చరరు: వదలొద్దు మాస్టారూ. గుర్తూ సూత్రమూ కలిసినప్పుడే పిల్లవాడు కొత్త వాక్యం ముందు తడబడడు.

ఇద్దరి వాదమూ విన్నాక నా తీర్పు ఇది. మాస్టారు తరగతి గది కష్టాన్ని ఎరిగి మాట్లాడారు, అందుకే ఆయన ఆక్షేపణలు వాదానికి మేలు చేశాయి. పాఠం గడిచిన కాలంతో మొదలు కావాలన్నదీ, గుర్తులు నిలవాలన్నదీ ఆయన నెగ్గించుకున్న మాటలు. అయితే అసలు విషయంలో సాక్ష్యమంతా లెక్చరరు పక్షానే ఉంది. షరతు, కోరిక, మర్యాద, పరాయి మాటను తిరిగి చెప్పడం, అనుభవ పత్రం, ఆసుపత్రి చీటీ అన్నిటికీ ఒకే సూత్రం సరిపోయింది. పట్టిక వీటిలో ప్రతిదానికీ ఒక్కో మినహాయింపును వెతుక్కోవాల్సి వచ్చింది. పాస్ట్, ప్రెజెంట్ అన్నవి కాలానికి పెట్టిన పేర్లుగా కనిపిస్తాయి గాని, అవి చెప్పేది మాట్లాడేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్న సంగతి. ఇంగ్లీషు క్రియకున్న ఈ రెండు రూపాలూ చేతికొస్తే మిగిలినవన్నీ వాటి మీద కట్టుకునేవే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాఠ్యపుస్తకాలు రాసేవారికీ, బోధించేవారికీ నా విన్నపం ఒక్కటే. పన్నెండు గడుల పట్టికను పుస్తకం చివరి పేజీల్లో ఉంచండి. మొదటి పాఠంలో రెండే రూపాలు చెప్పి, 'వస్తాడు', 'కొనేవాణ్ణి', 'అడుగుదామనుకున్నాను' వంటి తెలుగు మాటలను పక్కన పెట్టి, పిల్లవాడికి ఇప్పటికే తెలిసిన చూపుతోనే ఇంగ్లీషు నేర్పండి.